ఎవరి తాలూకు?

(యంత్రాల చదువు: 11వ భాగం)

మేడ మెట్ల దీపానికి రెండు స్విచ్చులుంటాయి, కింద ఒకటి, పైన ఒకటి. రెండూ ఒకే వైపు ఉంటే దీపం ఆరి ఉంటుంది, చెరో వైపు ఉంటే వెలుగుతుంది. నాలుగేళ్ల పిల్లవాడు రెండు రోజులు ఆడుకుని పట్టేసే సంగతి ఇది. ఒకే పొర ఉన్న పర్సెప్ట్రాన్ దీన్ని ఎన్నటికీ నేర్చుకోలేదని 1969లో మిన్‌స్కీ, పేపర్ట్ గణితంతో రుజువు చేశారని కిందటి భాగంలో చెప్పుకున్నాం. కాగితం మీద ఒక చదరం గీయండి. ఎదురెదురు మూలలు రెండింటికీ వెలుగు అని, మిగతా రెండింటికీ చీకటి అని రాయండి. ఇప్పుడు స్కేలు పెట్టి ఒకే ఒక్క గీతతో వెలుగునీ చీకటినీ విడదీయండి చూద్దాం. కుదరదు. పర్సెప్ట్రాన్‌కు తెలిసిందల్లా ఆ స్కేలు ఒక్కటే.

కథ అక్కడే ఆగిపోయిందని, మళ్లీ పదిహేనేళ్ల దాకా ఎవరూ ఆ వైపు చూడలేదని చెప్పడం అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. ఆ చిక్కుకు విడుపు అప్పటికి అయిదేళ్ల ముందే, 1964లో, మాస్కోలో రష్యన్ భాషలో అచ్చయి ఉంది. దాని వేరు ఇంకా వెనక్కి, 1909లో కేంబ్రిడ్జి దాకా పోతుంది. ఈ భాగం ఆ వేరు వెంట నడిచే ప్రయాణం.

ముందు విడుపు సంగతి చూద్దాం. స్విచ్చు పైకి ఉంటే +1, కిందికి ఉంటే -1 అనుకోండి. రెంటినీ గుణించండి. ఒకే వైపు ఉంటే +1 వస్తుంది, చెరో వైపు ఉంటే -1 వస్తుంది. ఈ లబ్ధాన్ని మూడో కొలతగా, అంటే ఎత్తుగా తీసుకుంటే కాగితం మీది నాలుగు మూలల్లో రెండు పైకి లేస్తాయి, రెండు కిందికి దిగుతాయి. మధ్యలోంచి ఒక అట్టముక్కను అడ్డంగా దూర్చవచ్చు. కాగితం మీద లొంగనిది ఒక మెట్టు పైకెక్కితే లొంగింది. ఇలా కొత్త కొలతలు చేర్చగా వచ్చే చోటునే యంత్ర విద్యలో ఫీచర్ స్పేస్ అంటారు.

అయితే మెట్లు ఎన్నని ఎక్కాలి? చేతిరాత అంకె బొమ్మ ఒకటి తీసుకుందాం. నిలువు 16, అడ్డం 16, మొత్తం 256 చుక్కలు. అయిదేసి చుక్కల్ని కలిపి గుణిస్తే వచ్చే రకరకాల లబ్ధాలన్నీ కొత్త కొలతలుగా చేరిస్తే ఎన్నవుతాయో లెక్క వేయండి. సుమారు 952 కోట్లు. ఒక్క బొమ్మకు, ఒక్క అంకెకు ఇన్ని కోట్ల కొలతలు! వేల బొమ్మల్ని అంత ఎత్తుకు మోసుకుపోయే కంప్యూటరు ఆనాడు లేదు. ఈనాడు ఉన్నా అది తెలివైన పని కాదు.

ఇక్కడే ఈ కథలోకెల్లా అందమైన మలుపు వస్తుంది. అక్కడికి వెళ్లనక్కర్లేదు. రెండు బొమ్మలు ఆ పైలోకంలో ఒకదానికొకటి ఎంత దగ్గరో తెలిస్తే చాలు, ఆ సంగతి కిందనుంచే చెప్పవచ్చు.

ఇంటర్మీడియట్‌లో సదిశల పాఠం గుర్తుందా? బిందు లబ్ధం అని ఒకటి చదివాం. (1, 2), (3, 4) అనే రెండు సదిశలు తీసుకోండి. బిందు లబ్ధం 3 + 8, అంటే 11. దాని వర్గం 121. ఇప్పుడు పెద్ద దారిలో వెళ్దాం. ఒక్కోదాన్ని మూడు కొలతల్లోకి ఎక్కిద్దాం: మొదటి అంకె వర్గం, రెండింటి లబ్ధానికి √2 రెట్లు, రెండో అంకె వర్గం. మొదటిది (1, 2√2, 4) అవుతుంది, రెండోది (9, 12√2, 16) అవుతుంది. వీటి బిందు లబ్ధం 9 + 48 + 64. మళ్లీ 121! పైకెక్కి కొలిచినా, కిందే కొలిచి వర్గం చేసినా జవాబు ఒకటే. చేతిరాత బొమ్మకూ అంతే. 256 గుణకారాలు చేసి, కూడి, మొత్తాన్ని అయిదో ఘాతానికి హెచ్చిస్తే 952 కోట్ల కొలతల లోకంలో చేయాల్సిన పని నేలమీదే అయిపోతుంది. ఈ అడ్డదారి లెక్కకే కెర్నెల్ అని పేరు. వేరుశనగ కాయ ఒలిస్తే లోపల దొరికే పలుకును ఇంగ్లీషులో కెర్నెల్ అంటారు. జర్మన్ గణితజ్ఞులు ఇంటిగ్రల్ సమీకరణం లోపలుండే ప్రమేయాన్ని కెర్న్ అనేవారు, ఆ మాటే ఇక్కడిదాకా వచ్చింది.

ఇప్పుడు 1909కి వెళ్దాం. జేమ్స్ మెర్సర్ లివర్‌పూల్ పక్కనున్న బూటిల్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జి గణిత పరీక్షలో 1905లో లిటిల్‌వుడ్‌తో సమానంగా మొదటి స్థానం తెచ్చుకున్నాడు. ఆ తరువాత లిటిల్‌వుడ్ పేరు మన రామానుజన్ కథ వల్ల కూడా ఇంటింటికీ తెలిసింది. మెర్సర్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. రాయల్ సొసైటీ పత్రికలో ఆయన వేసిన వ్యాసం ఇంటిగ్రల్ సమీకరణాల గురించి, యంత్రాల ఊసే అందులో లేదు. అయినా మన కథకు కావలసిన హామీపత్రం ఆయనే రాసిపెట్టాడు. దాని సారం మన మాటల్లో ఇది. రెండేసి వస్తువుల మధ్య ఎంత పోలిక ఉందో చెప్పే ఒక కొలమానం మీ దగ్గర ఉంది. ఎన్ని వస్తువులు తీసుకుని పోలికల పట్టిక వేసినా, వాటికి ఏ తూకాలు ఇచ్చి, కొన్నిటికి ప్లస్, కొన్నిటికి మైనస్ పెట్టి జతలన్నీ కూడినా, మొత్తం సున్నాకు కిందికి పోకూడదు. ఈ ఒక్క షరతుకు నిలబడితే ఆ కొలమానం ఏదో ఒక లోకంలో నిజమైన బిందు లబ్ధమే. ఆ లోకం ఎలా ఉంటుందో మీరు చూడనక్కర్లేదు, ఉందని నమ్మి లెక్క చేసుకోవచ్చు. వార్సాలో పుట్టి చివరకు అమెరికా చేరిన నాఖ్‌మన్ ఆరన్‌షాయిన్ 1950లో ఈ ఆలోచనకు సమగ్రమైన శాస్త్ర రూపం ఇచ్చాడు.

ఇక మాస్కో. అక్కడి ఆటోమేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో 1960ల మొదట్లో రెండు జట్లు పక్కపక్కనే పని చేసేవి. రెంటిదీ ఒకటే లక్ష్యం: యంత్రానికి పోలికలు పట్టడం నేర్పడం. ఒక జట్టులో మార్క్ ఐజర్‌మన్, ఇమాన్యుయెల్ బ్రావర్‌మన్, లెవ్ రొజొనొయర్ ఉన్నారు. ఇంకో జట్టులో వ్లదీమిర్ వాప్నిక్, అలెక్సీ చెర్వొనెన్‌కిస్ ఉన్నారు.

ఐజర్‌మన్ జట్టు 1964లో ప్రకటించిన పద్ధతికి పోటెన్షియల్ ఫంక్షన్ల పద్ధతి అని పేరు. విద్యుత్ ఆవేశం తన చుట్టూ ప్రభావం పరచినట్టే, యంత్రానికి చూపించిన ప్రతి నమూనా తన చుట్టూ తన రకపు ప్రభావం పరుస్తుందని వాళ్ల ఊహ. కొత్త నమూనా వస్తే దాని మీద ఎవరి ప్రభావం ఎంత పడుతోందో కూడి చూడాలి. ఈ ప్రభావం వేరే ఏమీ కాదు, ఏదో ఎత్తయిన లోకంలో బిందు లబ్ధమేనని, వంకర టింకర సరిహద్దు ఆ లోకంలో సాపుగా మారుతుందని వాళ్లు అదే వ్యాసంలో స్పష్టంగా చెప్పారు. అంటే ఈ రోజు ప్రపంచమంతా కెర్నెల్ ట్రిక్ అని పిలిచేది పూర్తిగా వాళ్ల చేతిలో ఉంది. పక్క జట్టులో వాప్నిక్ 1963 నుంచీ ఇంకో ముక్క చెక్కుతున్నాడు. రెండు రకాల నమూనాల మధ్య గీత గీయాల్సి వస్తే ఎక్కడో ఒకచోట గీయడం కాదు, రెండు వైపులా వీలైనంత ఎడం ఉండేలా గీయాలన్నది ఆయన పట్టు. పొలం గట్టు విషయంలో అన్నదమ్ములకు చెప్పే మాట లాంటిది.

ఒక ముక్క ఈ గదిలో, ఒక ముక్క ఆ గదిలో. రెండూ కలిస్తే ఏమయ్యేదో ఊహించుకుంటే నాకు ఈ రోజుకీ మనసు చివుక్కుమంటుంది. కలవలేదు. కలవడానికి ఇంకా 28 ఏళ్లు పట్టింది, కలిసింది మాస్కోలో కాదు.

వాప్నిక్ అమెరికా వచ్చి న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. అక్కడ లారీ జాకెల్ నడిపే విభాగంలో యాన్ లెకూన్ లాంటివాళ్లు చేతిరాత అంకెల్ని న్యూరల్ నెట్‌వర్కులతో చదివిస్తున్నారు. అదే విభాగంలో ఇజబెల్ గుయోన్ ఉంది, ఆమె భర్త బెర్న్‌హార్డ్ బోజర్ ఉన్నాడు. వాప్నిక్ పాత ఎడం పద్ధతిని కంప్యూటరు మీద అమలు చేసే పని బోజర్ చేపట్టాడు. సరళరేఖ దాటి వంకర సరిహద్దులు కావాలంటే కొలతలు పెంచాలి, పెంచితే కంప్యూటరు మోయలేదు. అప్పుడు గుయోన్ అడ్డదారి చూపించింది. ఐజర్‌మన్ జట్టు పోటెన్షియల్ ఫంక్షన్లు ఆమెకు ముందే తెలుసు. ఎడం లెక్కలో నమూనాలు ఎప్పుడూ ఒంటరిగా రావు, బిందు లబ్ధాల్లో జంటలుగానే వస్తాయి. ఆ బిందు లబ్ధం తీసేసి ఆ చోట కెర్నెల్ పెడితే సరిపోతుంది కదా అన్నది. వాప్నిక్ మొదట ఇష్టపడలేదని, ఆ ఆలోచన ఒకప్పుడు తన ఇన్‌స్టిట్యూట్‌లోని పోటీ జట్టుది కావడమే కారణమని గుయోన్ తరువాత రాసుకుంది. చివరికి ప్రయోగం గెలిచింది. 1992 జూలైలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన సదస్సులో బోజర్, గుయోన్, వాప్నిక్ ముగ్గురి పేర్లతో వ్యాసం వచ్చింది. కొరినా కోర్టెస్‌తో కలిసి వాప్నిక్ దాన్ని 1995లో ఇంకా పదును పెట్టాడు. సపోర్ట్ వెక్టర్ మెషిన్ పుట్టుక ఇదీ.

ఇంతవరకు వర్గీకరణ. అసలు మన శీర్షిక సంగతి ఇప్పుడు.

జర్మన్ విద్యార్థి బెర్న్‌హార్డ్ షోల్‌కోఫ్ బెల్ ల్యాబ్స్‌కు వచ్చి వాప్నిక్ దగ్గర పని చేశాడు. బిందు లబ్ధం ఉన్న ప్రతిచోటా కెర్నెల్ పెట్టవచ్చు కదా, ఒక్క వర్గీకరణకే ఎందుకు పరిమితం కావాలి అన్న ప్రశ్న అతన్ని పట్టుకుంది. కార్ల్ పియర్సన్ 1901లో, హోటెలింగ్ 1933లో తీర్చిదిద్దిన పీసీఏ మీద, అంటే ప్రిన్సిపల్ కాంపొనెంట్ ఎనాలిసిస్ మీద అతని కన్ను పడింది. పీసీఏ అంటే నీడ చూడటమే. ఎద్దుబండి మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడితే నీడ ఒక పలకలా ఉంటుంది, అది బండో మంచమో తెలియదు. సాయంత్రపు ఏటవాలు ఎండలో చక్రాలు, కాడి, ఎద్దుల కొమ్ములు విడివిడిగా కనిపిస్తాయి. ఏ వైపు నుంచి వెలుగు పడితే నీడలో తేడాలు ఎక్కువ కనిపిస్తాయో ఆ దిక్కు వెతికి పట్టుకోవడం పీసీఏ పని. దత్తాంశాన్ని ఒక దిక్కు మీద ప్రొజెక్ట్ చేయడమంటే ఆ దిక్కున దాని నీడ కొలవడం.

952 కోట్ల కొలతల లోకంలో దిక్కు పట్టుకోవడం ఎలా? గాసియన్ కెర్నెల్ తీసుకుంటే ఆ లోకానికి కొలతలు అనంతం. దిక్కును రాసిపెట్టడానికే కాగితం చాలదు. షోల్‌కోఫ్, అలెగ్జాండర్ స్మోలా, క్లాస్-రాబర్ట్ ముల్లర్ 1996 డిసెంబరులో ట్యూబింగెన్ నుంచి వెలువరించిన నివేదికలో, 1998లో న్యూరల్ కంప్యుటేషన్ పత్రికలో వచ్చిన వ్యాసంలో దీనికి జవాబు చెప్పారు. మనం వెతికే దిక్కు ఎక్కడో శూన్యంలో ఉండదు, మన దగ్గరున్న నమూనాల కలయికతోనే తయారవుతుంది. ఒక్కో నమూనాకు ఎంత తూకమో తెలిస్తే దిక్కు తెలిసినట్టే. నమూనాలన్నిటినీ జతలు జతలుగా కెర్నెల్‌తో పోల్చి పట్టిక వేస్తే, ఆ పట్టిక ఐగెన్ వెక్టర్లు ఆ తూకాల్ని అందిస్తాయి.

కొత్త నమూనా వచ్చినప్పుడు జరిగేది చూడండి. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద పెద్దలు మొదట అడిగే మాట, ‘ఎవరి తాలూకు బాబూ?’ అని. అతని ఎత్తు, బరువు ఎవరూ అడగరు. ఫలానా వారికి అల్లుడు, ఫలానా వారికి మేనల్లుడు, ఫలానా వారితో చదువుకున్నాడు అని తెలిస్తే చాలు, ఊరి లెక్కలో అతని చోటు ఖాయం. కెర్నెల్ పీసీఏ చేసేది అచ్చం ఇదే. కొత్త నమూనాను పాత నమూనాలు ఒక్కొక్కదానితో పోలుస్తుంది. ఒక్కో పోలికను ఆ పాత నమూనా తూకంతో గుణించి అన్నీ కూడుతుంది. వచ్చిన ఒక్క అంకె, ఆ పైలోకపు దిక్కు మీద కొత్తవాడి నీడ. పైకి ఎవరూ వెళ్లలేదు, అయినా నీడ కొలిచి తెచ్చారు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తరచూ జారిపడేది అక్కడే. నీడలు కొలిచే ముందు మధ్యబిందువును సున్నాకు తేవాలి. తక్కెడకు ముందు ధడా కట్టినట్టన్నమాట. పైలోకంలో సగటు ఎక్కడుందో మనం చూడలేం, కానీ పట్టికలో అడ్డు వరుసల సగటులు, నిలువు వరుసల సగటులు తీసేసి మొత్తం సగటు తిరిగి కలిపితే అదే పని అవుతుంది. నేర్పేటప్పుడు అందరూ సరిగ్గానే చేస్తారు. కొత్త నమూనాలు వచ్చినప్పుడు మాత్రం కొందరు ఆ కొత్తవాళ్ల సగటునే తీసేస్తారు. తక్కెడకు ఒకసారి కట్టిన ధడాను ప్రతి బేరానికీ మార్చేస్తే ఏమవుతుంది? ఒకే నమూనా ఒంటరిగా వస్తే ఒక చోట, పదిమందితో వస్తే ఇంకో చోట పడుతుంది. ఎర్ర గీతలు, హెచ్చరికలు ఏవీ రావు, జవాబు మాత్రం తప్పు. నేర్చుకున్ననాటి పాత నమూనాల సగటునే దాచిపెట్టి కొత్తవాళ్లకూ వాడాలి. విద్యార్థుల ప్రోగ్రాముల్లో నేను ఈ తప్పు చాలాసార్లు చూశాను, వెతికి పట్టుకోవడానికి గంటలు పడుతుంది. ఇంకోటి, తూకాల్ని ఐగెన్ విలువ వర్గమూలంతో భాగించాలి. ఆ విలువ సున్నాకు ఆనుకుని ఉన్న దిక్కుల్ని ముందే వదిలేయకపోతే అంకెలు ఉప్పెనలా పొంగుతాయి.

ఈ జాగ్రత్తలన్నీ ఇప్పుడు తయారుగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఇమిడిపోయాయి. తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో చి-చుంగ్ చాంగ్, చి-జెన్ లిన్ 2000లో విడుదల చేసిన లిబ్-ఎస్‌వీఎం సపోర్ట్ వెక్టర్ మెషిన్లను అందరికీ అందించింది. ఆర్ భాషలో కెర్న్‌ల్యాబ్ 2004 నాటికి వచ్చింది. 2007లో డేవిడ్ కూర్నపో వేసవి ప్రాజెక్టుగా మొదలై, ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధకుల చేతిలో పెరిగి 2010లో బయటికొచ్చిన సైకిట్-లెర్న్‌లో కెర్నెల్ పీసీఏ రెండు మాటల పని: ఫిట్, ట్రాన్స్‌ఫామ్. ఫిట్ అంటే పాతవాళ్లతో ఊరు కట్టడం, ట్రాన్స్‌ఫామ్ అంటే కొత్తవాడిని ఎవరి తాలూకు అని అడగడం.

అందరినీ అడగడం ఖరీదైన పని. పదివేల నమూనాలుంటే పట్టికలో 10 కోట్ల గడులు, గడికి 8 బైట్ల లెక్కన 800 మెగాబైట్లు. లక్ష నమూనాలైతే 80 గిగాబైట్లు. ఊరంతటినీ అడగకుండా కొందరు పెద్దల్ని ఎంచుకుని వాళ్లనే అడిగే ఉపాయం ఒకటుంది. ఫిన్లాండ్ గణితజ్ఞుడు నీస్ట్రోమ్ 1930లో ఇంటిగ్రల్ సమీకరణాల కోసం వేసిన దారి అది. దాన్ని విలియమ్స్, సీగర్ కెర్నెల్ పట్టికలకు తిప్పారు. 2007లో రహీమి, రెక్ట్ యాదృచ్ఛిక తరంగాలతో మరో చవక దారి కనిపెట్టారు. న్యూరల్ నెట్‌వర్కులు మళ్లీ పైచేయి సాధించిన కథ ముందుంది, అది ఇక్కడ ఎత్తను.

మన తెలుగువాడి పేరు చెప్పకుండా ఈ భాగం ముగించలేను. కొలతల్ని బట్టి నమూనా ఏ గుంపుదో తేల్చే ఫిషర్ పద్ధతి 1936 నాటిది, అది రెండు గుంపులకే. దాన్ని ఎన్ని గుంపులకైనా విస్తరించి 1948లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాసింది కల్యంపూడి రాధాకృష్ణారావు, అదే మన సి.ఆర్.రావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదివి, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం పూర్తి చేసి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి కేంబ్రిడ్జి వెళ్లాడు. అక్కడి మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలతో పని చేశాడు. ఆ ఎముకలు ఎవరి తాలూకు అన్నదే ఆయన ముందున్న ప్రశ్న కూడా. 1999లో మికా, ముల్లర్, షోల్‌కోఫ్ తదితరులు ఫిషర్ పద్ధతిలోకి కూడా కెర్నెల్‌ను ఎక్కించారు. రావుగారు 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారు. పర్సెప్ట్రాన్ పుట్టిన ఊరూ బఫెలోనే.

పాఠం చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. కెర్నెల్ పద్ధతుల పాఠంలో బోర్డు మీద 1992 అని రాసినప్పుడు పక్కన 1964 కూడా రాయండి. ఐజర్‌మన్, బ్రావర్‌మన్, రొజొనొయర్, మూడు పేర్లూ పూర్తిగా రాయండి.

(సశేషం)